క్లచ్చి రొదయు, డ్రైవరుపై నిందయు

మరమ్మతు చేయించి తెచ్చిన బండి మరునాడే క్లచ్చి యొద్ద రొద చేసినచో మనవారి నోట వెలువడు తీర్పులు రెండే. మెకానిక్కు మోసము చేసెననుట ఒకటి. డ్రైవరు చెడగొట్టెననుట రెండవది. విచారణ లేదు, సాక్ష్యము లేదు. ఈ తీర్పులలో పెక్కు తప్పని మా అభిప్రాయము. పెడలుపై కాలుంచి పది నిమిషములు శ్రద్ధగా వినినచో రొద ఎచ్చట పుట్టుచున్నదో చాలవరకు తెలియును. ఆ పది నిమిషములు వెచ్చింపకయే గేరుబాక్సును మరల దింపించుటయు, డ్రైవరు జీతమున కోత విధించుటయు మన చోళపురమునకు గాని, రాజపాళయమునకు గాని కొత్త కాదు. మేమును ఒకప్పుడు ఆ పని చేసినవారమే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మనది యంత్రముల చప్పుడు నెరుగని ఊరు కాదు. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజుగారు రాజపాళయం మిల్సును స్థాపించిన నాటినుండి మన కుటుంబములలో కదుళ్ళ రొద వినుచు పెరిగినవారు ఎందరో కలరు. ఇనుప కడ్డీ యొక కొనను యంత్రమునకు ఆనించి, రెండవ కొనను చెవియొద్ద పెట్టుకొని, ఏ బేరింగు ఎండినదో చెప్పుట మిల్లు ఫిట్టర్లకు తెలిసిన విద్యయే. మిల్లులో ఒక్క బేరింగు కీచుమన్నచో ఫ్రేము మొత్తమును ఊడదీయుమని ఎవ్వరును అనరు. మన యింటి ముంగిట నిలిచిన బండి విషయమున ఆ వివేకము ఏమైపోవుచున్నదో తెలియదు.

క్లచ్చి పని చేయు తీరు కష్టమైనది కాదు. ఇంజను వెనుక తిరుగు ఫ్లైవీలునకును, దానిపై బిగించిన ప్రెషరు ప్లేటునకును నడుమ క్లచ్చి ప్లేటు ఇరికియుండును. పెడలు పైననున్నంతకాలము ఈ మూడును ఏకముగా తిరిగి, ఇంజను బలమును గేరుబాక్సు ఇరుసునకు అందించుచుండును. పెడలు త్రొక్కగా రిలీజు బేరింగు ముందునకు జరిగి ప్రెషరు ప్లేటు వ్రేళ్ళను నొక్కును. క్లచ్చి ప్లేటు పట్టు వదలును. గేరు న్యూట్రలునందున్నచో ఇరుసు క్రమముగా ఆగిపోవును. ఏ స్థితిలో ఏది తిరుగుచున్నదో, ఏది నిలిచియున్నదో మనస్సున నుంచుకొన్నచో రొద జాడ సగము దొరకినట్లే.

సమతలమున బండి నిలిపి, చేతి బ్రేకు వేసి, న్యూట్రలునందు ఇంజను నడుపవలెను. పెడలుపై కాలు లేనప్పుడు గురగుర వినిపించి, పూర్తిగా త్రొక్కిన పిమ్మట అది అణగినచో అనుమానము గేరుబాక్సు ముందరి బేరింగు మీదికి పోవలెను. లోపలి నూనె తగ్గియుండుటయు కద్దు. కొన్ని బండ్లలో ఈ స్థితియందు సన్నని గలగల సహజముగనే యుండును గనుక, మరమ్మతుకు ముందును అది యుండెనా యని డ్రైవరునే అడుగుట మంచిది. పిదప పెడలులోని వదులు తీరునంత మాత్రమే మెల్లగా నొక్కి చూడవలెను. అప్పుడే కీచుమనియో, గరగరమనియో మొదలై, నొక్కిన కొలది పెరిగినచో అది రిలీజు బేరింగు. బేరింగు ఎల్లప్పుడును వ్రేళ్ళకు తగిలియుండునట్లు అమర్చిన నేటి కార్లలో ఈ భేదము అంత స్పష్టముగా తోపదు. అట్టి వానిలో రొద తీరు మారుటను గమనింపవలెను. ఇక బ్రేకు గట్టిగా త్రొక్కిపట్టి, క్లచ్చిని పూర్తిగా నొక్కి, మొదటి గేరు వేసినప్పుడు మాత్రమే రొద వచ్చినచో, ఇంజను తిరుగుచుండ ఇరుసు నిలిచియున్నది గనుక, ఆ రెంటి కూడలియందుండు పైలట్ బేరింగును చూడవలెను. ముందు చక్రములతో నడచు కార్లలో అనేకమునకు ఈ బేరింగే యుండదు.

మరమ్మతు పిదప పుట్టు రొదకు ఇవిగాక వేరు కారణములును కలవు. గేరుబాక్సు క్రిందనుండు పలుచని రేకు వంగి ఫ్లైవీలును రాచుకొనవచ్చును. దానికై గేరుబాక్సు దింపనక్కరలేదు. ఆ రేకును సరిచేసి బోల్టులు బిగించిన చాలును. క్లచ్చి ప్లేటును తలక్రిందుగా, అనగా ముందు ముఖము వెనుకకు వచ్చునట్లు బిగించుట, రిలీజు ఫోర్కు తన గుబ్బపై సరిగా కూర్చుండకపోవుట, దించినప్పుడు కారిన నూనెను మరల నింపకపోవుట జరుగుచునే యున్నవి. మరియొక దురలవాటు గూడ కలదు. సీలు వేసి వచ్చిన కొత్త బేరింగును కిరసనాయిలులో ముంచి కడుగువారు కొందరు కలరు. లోపలి గ్రీజు పలుచబడి పోవును. శుభ్రత పేరిట దాని ఆయువు తీసినట్లగును.

ఇన్ని రకముల రొదలను మనము వర్క్‌షాపునకు పోయి ఏమని చెప్పుచున్నాము? ఇంట తెలుగున గరగర, కీచుకీచు, టకటక, గలగల అని వేర్వేరుగా చెప్పగలవారమే, అచ్చటికి పోగానే తమిళమున ‘సత్తం వరుదు’ అని ఒక్క మాటతో ముగింతుము. తమిళమున అట్టి మాటలకు కొదువ లేదు. విని వచ్చి చెప్పు ఓపిక మనకే లేదు. చల్లని ఇంజనునందా, వేడెక్కిన పిదపనా? పెడలు పైననున్నప్పుడా, త్రొక్కినప్పుడా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చీటిపై వ్రాసి పంపినచో మెకానిక్కునకు సగము పని తగ్గును.

మా కథ ఇట్టిది. మా వ్యాను నూలు మూటలతో తెన్కాశి, సెంగోట్టై మీదుగా ఆర్యంకావు కనుమ దాటి పునలూరు వరకు పోవుచుండెడిది. క్లచ్చి ప్లేటును, ప్రెషరు ప్లేటును కొత్తవి వేయించితిమి. మూడవ నాడే పెడలు తాకినంతనే గరగర మొదలయ్యెను. కనుమ ఎక్కునప్పుడు డ్రైవరు క్లచ్చిని సగము త్రొక్కి బండిని నిలుపుచున్నాడని మేము నిశ్చయించి, రెండవ మరమ్మతు ఖర్చులో కొంత అతని జీతమున పట్టుకొంటిమి. అతడు మారు పలుకలేదు.

అప్పుడు మాకు తట్టని సంగతి ఇది. సగము క్లచ్చితో బండిని ఎత్తున నిలిపినచో కాలునది ప్లేటు. కాలినచో వాసన వచ్చును, ఇంజను పరుగెత్తినను బండి సాగదు, ఫ్లైవీలుపై నీలి మచ్చలు పడును. ఇందులో ఒక్కటియు మా బండికి లేదు. పెడలుపై ఊరక కాలానించి నడుపు అలవాటు రిలీజు బేరింగును అరగదీయుననుట నిజమే. కాని కొత్త బేరింగు మూడు నాళ్ళలో అరుగదు. గేరుబాక్సు రెండవ మారు దింపగా, లోపలనున్నది పాత బేరింగు.

మెకానిక్కును నిలదీయబోతిమి. అతడు మా మాటనే మాకు గుర్తు చేసెను. ‘బేరింగు కూడ మార్చవలెనా?’ అని అతడు ఫోనులో అడిగినప్పుడు, ‘పాతది తిరుగుచున్నచో అదియే యుండనిమ్ము’ అని చెప్పినవారము మేమే. ఆ బేరింగు వెలకంటె గేరుబాక్సు దించి ఎక్కించు కూలి హెచ్చు. ఆ కూలిని రెండుసార్లు చెల్లించితిమి. కావున గేరుబాక్సు దిగిన ప్రతిసారి ప్లేట్లతోపాటు రిలీజు బేరింగును మార్చుడనియు, పాత భాగములను అడిగి తెచ్చుకొనుడనియు, బిల్లులో ఏమేమి మార్చినది విడివిడిగా వ్రాయించుకొనుడనియు సోదరులను కోరుచున్నాము. బేరము చేయదలచినవారు మరియొక చోట చేయవచ్చును. కనుమ దారిలో బరువు బండికి క్లచ్చి విడువకున్నచో కష్టపడునది బేరమాడినవారు కాదు, లోపల కూర్చున్నవాడు.

పట్టుకొన్న సొమ్మును తిరిగి ఇచ్చుటకు పోవునాటికి ఆ డ్రైవరు మరియొకరి లారీ నడుపుచుండెను. సొమ్ము పుచ్చుకొని, లెక్క చూడకయే జేబున వేసికొని, ‘ఇప్పుడు రొద పోయినదా, అయ్యా?’ అని మాత్రము అడిగెను. పోయినదని చెప్పితిమి.