ఖయామత్ కిస్సాలు చదివితే పిల్లలు ఖరాబైతరా?

జుమా నాడు దేవరయాంజాల్‌ల మా ఇంట్ల దస్తర్‌ఖాన్ మీద కూసున్న మామూజాన్ అందరి ముంగట నిలదీసిండు: "నీ బేటీకి ఆ మన్‌హూస్ కితాబులేంది? దునియా ఖతమైన కిస్సాలు చదివితే నాఉమ్మీదీ పట్టదా?"

అదబ్ కోసం ఊకున్న. జవాబు ఇక్కడ రాస్తున్న.

ఆ కితాబు 'మెట్రో 2033'. అణుయుద్ధం తర్వాత మాస్కో మెట్రో సొరంగాల్ల మిగిలినోళ్ల కిస్సా. దిమిత్రీ గ్లుఖోవ్‌స్కీ 2002ల తన వెబ్‌సైట్‌ల ముఫ్త్‌గ పెట్టిండు, అచ్చయింది 2005ల. యుక్రెయిన్ జంగ్‌కు ఖిలాఫ్‌గ మాట్లాడినందుకు 2023ల రష్యా అదాలత్ ఆయన లేకుండనే 8 ఏండ్ల ఖైదు వేసింది. నాఉమ్మీదీ పట్టినోడు గట్ల నోరు విప్పుతడా మామూజాన్?

హ్యూ హోవీ 'ఊల్' కూడ 2011ల సొంతంగ వేసుకున్నదే. సొంతంగ వేసుకునేటియాల్ల కచరా కూడ మస్తు ఉంటది, ఒప్పుకుంట. కచరా ఏడ లేదు? రాత్రి మీరు చూసే టీవీ బహస్‌లల్ల లేదా? భయం పుట్టించి, నఫ్రత్ నేర్పి పండవెడ్తయి. మీకు అది ఖబర్, పిల్ల చదివేది మన్‌హూస్!

మనకు ఈ కిస్సాలు కొత్తనా? 1908 సెప్టెంబర్ 28 మూసీ తుగ్యానీల అమ్మను, బీవీని, బిడ్డను పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ దాని మీద 'ఖయామతె సుగ్రా' అని నజ్మ్ రాసిండు. ఆయన రుబాయీలు మీ నోటికొచ్చు. ఆయన్ని ఎన్నడన్న మన్‌హూస్ అన్నరా?

'ఊల్' చదివినంక బేటీ అడిగింది: "అమ్మీ, కరెంటు పోతే మన సంపుల నీళ్లు ఎన్ని దినాలొస్తయి?" నాకు తెల్వదన్న. ఫజర్ అయినంక ఇద్దరం పోయి కట్టెతోని సంపు లోతు కొల్చినం.