డ్రమ్ము మన పిలకాయలకు, మైకు వాళ్లకు!

పలమనేరులో ఏ పెద్దమనిషి కారు దిగినా ముందుగా ఎండలో నిలబడేది కాలేజీ పిలకాయలే. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, మెడలో డ్రమ్ము. ఎనిమిదికి రమ్మంటారు, దొరగారు పదకొండుకు వస్తారు. ఎడమకాలు, కుడికాలు, దెబ్బ తప్పకుండా వేదిక దాకా నడిపించుకుపోతారు. అక్కడితో వాళ్ల పని సరి. మెట్లెక్కేది వేరేవాళ్లు, మాట్లాడేది వేరేవాళ్లు. పిలకాయలకు ఒక బిస్కెట్ పొట్లం, ఒక నీళ్ల ప్యాకెట్!

మేము బ్యాండుకు వ్యతిరేకులం కాము. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ విద్యార్థుల బ్రాస్ బ్యాండు విన్నవాళ్లెవరూ సీమ పిల్లలకు సంగీతం అబ్బదని అనలేరు. పక్కవాడి అడుగు వినకుండా బ్యాండులో ఎవడూ తన దెబ్బ వేయలేడు. అదీ చదువే. మా గొడవల్లా ఒకటే. డ్రమ్ము ఇచ్చిన చెయ్యి మైకు దగ్గరికొచ్చేసరికి ఎందుకు వణుకుతోంది?

ఆమధ్య మా ప్రాంతంలోనే ఒక కాలేజీలో వక్తృత్వ పోటీకి మమ్మల్ని జడ్జీలుగా పిలిచారు. అంశం పరిశుభ్రత, విద్యార్థుల పాత్ర. పదిమంది పదిసార్లు అదే వ్యాసం అప్పజెప్పారు. బి.కాం. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె మాత్రం చెత్త సంగతి రెండు ముక్కల్లో ముగించి, "కడుక్కోవడానికి నీళ్లేవి సార్?" అని సూటిగా శ్రీబాగ్ ఒడంబడిక మీదికి పోయింది. అయిదు నిమిషాల పోటీలో మూడో నిమిషానికే గంట కొట్టేశారు. "రాజకీయాలు వద్దమ్మా" అన్నారు. బహుమతి ఇంకెవరికో పోయింది. మేము అక్కడే కూర్చుని ఉన్నాం. లేచి అడగలేదు. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాం.

ఆ అమ్మాయి ఎత్తింది రాజకీయమా? 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న కాగితం అది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, సీమకు ముందు వాటా అన్నారు. రాజధానో హైకోర్టో కోరుకునే హక్కు సీమదే అన్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామన్నారు. తిరుపతికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, సంతోషం. అనంతపురానికి కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఎప్పుడొచ్చింది? 1981లో. మాటిచ్చిన 44 ఏళ్లకు! ఈ లెక్క ఆ విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లల్లో ఎందరికి తెలుసు? తెలియనిచ్చారా?

పలమనేరులో బస్సెక్కితే చిత్తూరు. ఆ పక్కనే కట్టమంచి. 1880లో పుట్టిన రామలింగారెడ్డి అక్కడివాడే. చదువుకోను పోయి కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆ యూనియన్ చేసే పనే వాదన. ఒక పక్షం తీర్మానం పెడుతుంది, ఇంకో పక్షం చీల్చి చెండాడుతుంది, చివర ఓటు వేస్తారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయిన ఆ మనిషే 1930లో బ్రిటిష్ నిర్బంధానికి నిరసనగా కుర్చీ వదిలేశాడు. తెల్లదొర తన ఇంట్లో మన చిత్తూరోడికి ఎదురు మాట్లాడే చోటిచ్చాడు. మన దొరలేం చేశారు? 1980ల చివర విద్యార్థి సంఘాల ఎన్నికలకే తాళం వేశారు. 2006లో సుప్రీంకోర్టు లింగ్డో కమిటీ సిఫార్సులు అమలు చేయమన్నా ఆ ఎన్నికలు మళ్లీ మన విశ్వవిద్యాలయాల మొహం చూడలేదు. విద్యార్థి నోరు తెరిస్తే కొంప మునుగుతుందని అంత భయం!

పోనీ మన పిలకాయలు రోడ్డెక్కలేదా? 1972లో జై ఆంధ్ర అన్నారు, తిరుపతి విద్యార్థులు కదిలారు. 2009 డిసెంబరులో, 2013లో సమైక్యమన్నారు, మళ్లీ కదిలారు. ఉద్యోగ మిత్రులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. ఊరేగింపుల ముందు డప్పు మనది. నినాదం ఎవరిది? అందులో శ్రీబాగ్ అనే మాట ఎన్నిసార్లు వినబడింది? 2014లో రాష్ట్రం విడిపోయింది, రాజధాని కృష్ణా ఒడ్డుకు పోయింది. 2019 జనవరి 1న హైకోర్టూ అక్కడే కొలువుదీరింది. డప్పు కొట్టినవాళ్లం డప్పుతోనే మిగిలాం.

తెలంగాణ వాళ్లను చూసి ఏడ్వడం మాని, చూసి నేర్చుకుందాం. ఉస్మానియాలో డప్పు ఉంది, వాదనా ఉంది. ధూంధాం ఆడినవాడే 1985 నాటి 610 జీవో ఏం చెప్పిందో అడిగితే చెప్పేవాడు. ప్రొఫెసర్ జయశంకర్ ఏళ్ల తరబడి చిన్న చిన్న సభల్లో నీళ్ల లెక్క, ఉద్యోగాల లెక్క చెబుతూ తిరిగాడు. ఊరేగింపు బయలుదేరేనాటికి లెక్క జనం నోట ఉంది.

ఇక మన సంగతి. సీమ హక్కుల సభల్లోనూ పిలకాయలను జెండాలు మోయడానికి పిలుస్తున్నాం, వేదిక మీద మాత్రం అయిదుగురు ముసలివాళ్లం కూర్చుంటున్నాం. గంట కొట్టిన ఆ కాలేజీకీ మనకూ తేడా ఏముంది?

అందుకే అడుగుతున్నాం. వక్తృత్వ పోటీకి అంశాలు కావాలా? హంద్రీ-నీవాకు 40 టీఎంసీలు, ఆరు లక్షల ఎకరాలకు పైగా అని కాగితం చెప్పింది గదా, కాల్వ తోకన ఉన్న మన చెరువులకు ఎంత దక్కింది? ఇది ఇవ్వండి. శ్రీబాగ్‌కు కాలం చెల్లిందా? ఇది ఇవ్వండి. ప్రత్యేక రాష్ట్రమా, ఉన్న రాష్ట్రంలోనే వాటానా? తప్పక ఇవ్వండి, రెండు పక్షాలకూ సమానంగా టైమివ్వండి. మా వాదాన్ని ఓడించే పిల్లవాడు దొరికితే వాడి ప్రసంగం ఈ పత్రికలోనే అచ్చేస్తాం. బ్యాండు కూడా ఉండనివ్వండి. గెలిచినవాళ్లను వేదిక దాకా వాయించుకుంటూ తీసుకురండి, దొరగార్లను కాదు.

గంట పడిన ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం. వచ్చే పోటీకి మమ్మల్ని మళ్లీ జడ్జీలుగా పిలుస్తారో లేదో తెలియదు. పిలిస్తే మాత్రం, గంట మా చేతికిస్తేనే వస్తామని ముందే జాబు రాసి పంపుతాం.