బందరు పోతే బీచ్ ఒక్కటే చూసి రాకండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి వచ్చిన మనకు సముద్రం అంటే ట్రిప్పే. బందరు ప్లాన్ వేస్తే మంగినపూడి బీచ్‌లో తడిసి, ఫొటోలు దిగి, బస్సెక్కేస్తాం. ఊళ్లోకి కూడా పోదాం అంటాను నేను.

అక్కడ వలందపాలెం అనే పేట ఉంది. వలందా అంటే హాలండే. గోల్కొండ సుల్తానుల రేవు అయిన ఈ ఊరికి డచ్చివాళ్లు 1605లో వచ్చింది మన బట్ట కోసం. ఆ అద్దకం బట్టలను ఇండోనేషియా దీవులకు తీసుకుపోయి, వాటికి మారుగా లవంగాలు, జాజికాయలు కొనేవాళ్లు.

"పాత సమాధుల్లో ఏముంటది?" అంటారేమో. డచ్చి సమాధుల మీద పేర్లు, వంశచిహ్నాలు చెక్కి ఉన్నాయి. వాళ్లను ఇంతదూరం రప్పించిన బట్ట నేసినోళ్ల పేర్లు మాత్రం అక్కడ కనపడవు.

అందుకే సమాధుల దగ్గరే ఆగొద్దు. పక్కనే ఉన్న పెడనకు పోండి. చెక్క అచ్చులతో కలంకారీ ఇప్పటికీ అద్దుతున్నారు. కొడకండ్ల మగ్గాలు చూసిన జనగామోళ్లకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఫొటో తీసుకునే ముందు పనిచేసే మనిషి పేరు అడగండి. రాళ్ల మీద లేని పేర్లు మన నోట్‌బుక్కుల్లోనైనా ఉండాలి కదా!