తొలి పడవ, తొలి తెరచాప

మదురై నుండి ఒక పెద్దాయన మాకు జాబు వ్రాశారు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న వారి మనవరాలు స్నేహితురాండ్రతో కలిసి రెండుసార్లు తెరచాప పడవ ఎక్కి వచ్చినదట. అది మొదలు తనకొక సొంత పడవ కావాలని పట్టు పట్టినది. "తాతా, నా పెండ్లికని దాచినదానిలో నగలు కొంత తగ్గించు, పడవ కొనిపెట్టు" అని అడిగినదట. అవ్వగారేమో, పిల్ల జాతకంలో నీటిగండం ఉన్నది, చెరువు గట్టుకైనా పోరాదు అంటున్నారట. "ఏ పడవ కొనవలె? అసలు కొనవచ్చునా? మీరైనా చెప్పండి" అని పెద్దాయన అడిగారు.

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదని మాకు తోచినది. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ తెరచాప పోటీలలో ఒలింపిక్సుకు అర్హత పొందిన తొలి భారత మహిళ. 2021లో జరిగిన టోక్యో పోటీలలో పాల్గొన్నది. విష్ణు శరవణన్ 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో కంచు పతకం తెచ్చాడు. ఇద్దరూ 2024 పారిస్ ఒలింపిక్సుకు కూడా వెళ్లారు. ఇవి చూసిన పిల్లలు పడవ కావాలని అడగక మానరు. అడిగినప్పుడు కాదు పొమ్మనుటకైనా, సరే అనుటకైనా పెద్దలకు సంగతి తెలిసి ఉండవలె గదా.

కోయంబత్తూరు, మదురైలలో తరతరాలుగా ఉంటున్న మనకు పడవ బొత్తిగా తెలియనిది కాదు. తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన వండియూరు తెప్పకుళంలో తై పూసం నాటి తెప్పోత్సవం చూడని మదురై తెలుగువారు ఉండరు. ఆ తెప్పను గట్టున నిలిచి తాళ్లతో లాగుతారు. కొడైకానల్ సరస్సు 1863లో మదురై కలెక్టరు లెవింజి దొర చేయించినది. అందులో మొదటి పడవను తూత్తుకుడి నుండి తెప్పించారట. అక్కడికి పోయినప్పుడు మనము ఎక్కేది తెడ్డుపడవ, లేదా తొక్కుడు పడవ. వీటన్నిటిని నడిపేది మనిషి కండబలం. చేయి ఆపితే పడవ ఆగుతుంది. తెరచాప పడవ అట్లు కాదు. దానిని నడిపేది గాలి; మనము ఆపమన్నంత మాత్రాన గాలి ఆగదు. తొలి పడవను ఎంచుకొనుటలో ఉన్న చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

గాలి సంగతి కోయంబత్తూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పాలక్కాటు కనుమ గుండా దూసుకొని వచ్చే నైరుతి గాలికి పల్లడం, ఉడుమలైపేట వైపు గాలిమరలు తిరుగుతూ ఉంటాయి. ఆడి గాలికి అమ్మికల్లు కూడా లేచిపోతుందని తమిళ సామెత. ఇందులో ఒక లెక్క ఉన్నది. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఉదయం పది మైళ్ల వేగంతో హాయిగా తోసుకొనిపోయిన గాలి, మధ్యాహ్నం ఇరవై మైళ్ల వేగం అందుకుంటే అదే తెరచాపను నాలుగింతల బలంతో తోస్తుంది. కాబట్టి పెద్ద తెరచాప, పెద్ద పడవ గొప్ప అనుకోరాదు. నేర్చుకొనేవారి తెరచాప వారి ఒంటి బరువుకు తగినదై ఉండవలె. ఏలనగా, పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు రెండవ పక్కకు వాలి దానిని సరిచేసే బరువు నడిపేవారి ఒళ్లే.

ఇక పడవలు చూతము. పిల్లలకైతే ఆప్టిమిస్ట్ అనే పడవ ఉన్నది. 1947లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు క్లార్క్ మిల్స్ దీనిని గీశాడు. పొడవు ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువ, బరువు 35 కిలోలు, ముందు భాగం పెట్టెవలె మొండిగా ఉంటుంది. చూడటానికి అందం లేదు గాని పిల్లలకు ఇంతకంటె మంచి బడి లేదు. పదిహేనేండ్ల వరకు దీనిలో పోటీ చేయవచ్చును. హైదరాబాదు హుస్సేన్ సాగరంలో 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వారు పేదబస్తీల పిల్లలకు కూడా ఇటువంటి పడవలమీదనే నేర్పుతూ వచ్చారు.

పెద్దవారు ఒంటరిగా నడపదలచితే లేజర్ అనే పడవ, ఇప్పటి పేరు ఇల్కా. కెనడా దేశపు బ్రూస్ కర్బీ 1969లో గీయగా 1971లో జనంలోకి వచ్చినది. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారైనవి. పొడవు నాలుగు మీటర్లకు కొంచెం పైన, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. దీనిలోని సుగుణమేమంటే, పడవ ఒకటే, తెరచాపలు మూడు. 4.7 చదరపు మీటర్లది ఇల్కా 4, సుమారు 5.8 చదరపు మీటర్లది ఇల్కా 6, సుమారు 7 చదరపు మీటర్లది ఇల్కా 7. స్తంభపు కింది ముక్క, తెరచాప మార్చుకుంటే చాలు, పడవ మార్చనక్కరలేదు. తేలిక ఒళ్లు గలవారు చిన్న తెరచాపతో మొదలుపెట్టి, చేయి తిరిగిన కొద్దీ పెద్దదానికి పోవచ్చును. నేత్ర పోటీ చేసినది ఇల్కా 6లో, విష్ణు ఇల్కా 7లో.

ఇద్దరు కలిసి పోదలచితే ఎంటర్‌ప్రైజ్ వంటి పడవ. ఇంగ్లండులో జాక్ హోల్ట్ 1956లో గీసినది, పదమూడు అడుగులు దాటిన పొడవు, రెండు తెరచాపలు. భార్యాభర్తలకు, తండ్రీ కొడుకులకు అనువైనది. అయితే ఇద్దరికీ ఒకే రోజున తీరిక దొరకవలె. ఒకరు రాలేకపోతే పడవ గట్టుననే ఉంటుంది. ఈ చిన్న సంగతి మరచి కొన్న పడవలు గుడ్డ కింద ముసలివైపోతాయి.

ఈ మూడింటిలో ఏది కొన్నా, తొలి పడవకు మేము చూడమనేవి రెండు గుణాలు. మొదటిది: బోల్తా పడితే తానే నిలబెట్టుకోగలగవలె. నేర్చుకొనేవారి పడవ బోల్తా పడుతుంది, ఇందులో సిగ్గు లేదు. ఇల్కా పడవకు నడుమ నుండి నీటిలోకి దిగే పలక ఒకటి ఉంటుంది. బోల్తా పడినప్పుడు ఆ పలకమీద నిలిచి, పడవ అంచు పట్టి వెనుకకు వాలితే పడవ లేస్తుంది. ఆప్టిమిస్ట్ లేచినా నీటితో నిండి ఉంటుంది. గాలి సంచులు దానిని తేలుస్తాయి, పిల్లలు బక్కెట్టుతో నీరు తోడుకుంటారు. నిలబెట్టలేని పడవ ఎంత అందమైనదైనా తొలి పడవ కాదు.

రెండవది: మనము పోయే చోట నలుగురి దగ్గర ఉన్న పడవే కావలె. సవరను బంగారం మదురైలో కొన్నా, చెన్నైలో అమ్మినా సవరనే. ఇల్కా వంటి పడవలను ఎక్కడ తయారుచేసినా ఒకే కొలతకు చేస్తారు. తాడు తెగితే పక్కవాని దగ్గర దొరుకుతుంది. ఎట్లు కట్టవలెనో అడిగితే పక్కవాడు చెప్పగలడు. విసుగు పుట్టినా, పెద్ద పడవకు పోదలచినా కొనేవారు అక్కడే ఉంటారు. ఎవరికీ తెలియని వింత పడవను చౌకగా వచ్చినదని కొంటే చెప్పేవారు ఉండరు, కొనేవారు ఉండరు.

కొత్తది కొననక్కరలేదు. పాతదానిని చూచి కొనుటలో మనవారికి చేతనైన పని ఒకటి ఉన్నది. తెరచాప అంటే గుడ్డే గదా! మిల్లులలోను, మగ్గాల దగ్గరను బతికిన మన ఇండ్లలో పడుగు పేకలు ఎరుగనివారు తక్కువ. తెరచాప పాలియెస్టర్ నేత, చాలా గట్టిగా నేసి బిరుసుగా ఉండేటట్లు గంజి వంటి మందు పట్టిస్తారు. ఎండకు, వాడకానికి ఆ బిరుసు పోతుంది. అప్పుడు గుడ్డను పడుగు వెంబడి కాక, పేక వెంబడి కాక, మూలగా లాగి చూడండి. సాగితే ఆ తెరచాప పొట్టవేసినదన్నమాట. గాలిని సరిగా పట్టదు. కుట్టు దారం ఎండకు మాడి గోటితో గీరితే తెగుతున్నదా అన్నదీ చూడవలె.

తరువాత పడవ ఒళ్లు. అది ఫైబర్‌గ్లాసు. కుండను కొట్టి చూచినట్లు వేలి కణుపులతో అంతటా తట్టి చూడవలె. ఒకచోట మొద్దుగా పలికితే, అదిమితే మెత్తగా దిగితే లోపల చెడినది. తూకం వేయవచ్చును. 59 కిలోలుండవలసినది మరీ ఎక్కువ తూగితే ఆ అధికమంతా లోపల తాగిన నీరు. ఇల్కాలో స్తంభం నిలిపే గుంట నిండా నీరు పోసి కొంతసేపు ఆగండి. నీరు దిగితే గుంట అడుగు చీలినది. ఆ బేరం మానుకొనుట మంచిది.

డబ్బు సంగతి చెప్పవలె. పడవ ధర ఒక పద్దు మాత్రమే. క్లబ్బు చందా, పడవ పెట్టుకొనే చోటికి అద్దె, గట్టునుండి నీటికి దింపే చక్రాల బండి, కప్పే గుడ్డ, అరిగిన తాళ్లు, కొన్నేండ్లకొక కొత్త తెరచాప, ఇవన్నీ ఏటేటా వచ్చే పద్దులు. ఇవి వ్రాసి కూడిన తరువాతనే పడవ ధర అడగవలె. నగ పెట్టెలో ఉన్నా విలువ పోదు; పడవ ఊరకే ఉంటే విలువ పోతుంది. ఆ పెద్దాయన మనవరాలితో ఈ మాట దాచకుండా చెప్పవలె. చెప్పిన తరువాత, డబ్బు ఆమె పేరిట దాచినదే గనుక, ఆమె మాటకు కూడా విలువ ఇయ్యవలె.

అందుకని మేము చెప్పేది, మొదటి ఏడు కొనవద్దు, నేర్చుకోవలె. చెన్నై ఓడరేవులో 1911 నుండి ఉన్న రాయల్ మద్రాసు యాట్ క్లబ్బు వంటివి, తెరచాప నేర్పే ఇతర సంఘాలు ఉన్నాయి. వారి పడవలమీద వారి మనుషుల కనుచూపులో నేర్చుకుంటే తనకు ఏ తెరచాప సరిపోవునో ఒళ్లే చెబుతుంది. నీటి తావును బట్టి గాలిని కూడా నేర్చుకోవలె. చుట్టూ కొండలున్న సరస్సులో గాలి క్షణానికొక దిక్కు తిరుగుతుంది. చెన్నై సముద్రంలో మధ్యాహ్నపు గాలి కడలి నుండి గట్టుకు వీస్తుంది, తోసినా గట్టుకే తోస్తుంది. నైరుతి కాలపు ఉదయాలలో గాలి గట్టునుండి కడలికి వీస్తుంది. ఆ గాలిలో కొత్తవారు దిగరాదు. చేయి జారిన పడవను అది లోపలికి తీసుకొనిపోతుంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుఫానుల కాలం, చెప్పనే అక్కరలేదు.

ఇక అవ్వగారి మాట. ఆమె భయాన్ని మేము నవ్వి తీసివేయము. ప్రతి ఎండకాలమూ చెరువులలో, రాతి క్వారీలలో, ఏటి మడుగులలో పిల్లలు పోయిన వార్త చదువుతూనే ఉన్నాము. అయితే ఆ వార్తలలోని పిల్లలు పడవ నడపబోయి పోయినవారు కారు. ఈత రాక పోయినవారే ఎక్కువ. నీటిగండమని ఒడ్డున కూర్చోబెట్టిన పిల్ల ఒకనాడు తెలియక జారితే ఆ జాతకం కాపాడుతుందా? గండం ఉన్నదనే అనుకుందాము. గండానికి పరిహారం చేయిస్తాము గదా! నీటిగండానికి ఈతను మించిన పరిహారం మాకు తెలియదు. కోయంబత్తూరు, మదురైలలో ఈతకొలనులు ఉన్నాయి, నేర్పేవారు ఉన్నారు. ఆడపిల్లలకు అవ్వలే దగ్గరుండి నేర్పించవచ్చును.

ఈత వచ్చినా పడవలో లైఫ్ జాకెట్ విప్పరాదు. తలకు అడ్డకొయ్య తగిలి తెలివి తప్పినవారికి ఈత పనికిరాదు, జాకెట్టే తేలుస్తుంది. పడవ బోల్తా పడితే ఎంత ఈతగాడైనా పడవను వదలి గట్టుకు ఈదరాదు; పడవ తేలుతూ ఉంటుంది, వెదికేవారికి కనపడేది అదే. ఈ రెండు మాటలు తాతగారు పడవ ధర కంటె ముందు మనవరాలిచేత ఒప్పించుకోవలె.

వరుసగా చెప్పవలెనంటే ఇంతే: ఈ ఎండకాలం ఈత, వచ్చే ఏడు క్లబ్బు పడవమీద చదువు, ఆ తరువాత పాత ఇల్కా ఒకటి చిన్న తెరచాపతో. అప్పటికీ ఆమె పట్టు సడలకపోతే తాతగారు సందేహించక డబ్బు ఇవ్వవచ్చును. తెరచాప గుడ్డను మూలగా లాగి చూచుటకు మాత్రం మన ఇండ్లలో మగ్గం ఎరిగిన పెద్దవారిని ఒకరిని వెంట తీసుకొనిపోవుట మరువరాదు.