థర్మల్ కెమెరా: నంబర్ కాదు, తేడా చూడండి

ఫోన్‌కి తగిలించే థర్మల్ కెమెరా ఇంటింటికీ అక్కర్లేదు. ముసునూరు లాంటి ఊళ్లో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకటుంటే చాలనేది నా అభిప్రాయం. ఇన్ఫిరే పీ2 ప్రో సెన్సర్ 256×192 పిక్సెళ్లే, అయినా ఈ పనికి సరిపోతుంది.

మామిడి తోటలో బోరు మోటారు పావుగంట నడిచాక ఎలక్ట్రీషియన్ చేత స్టార్టర్ బాక్సు తెరిపించి చూడండి. మూడు ఫేజుల్లో ఒక్క టెర్మినలే బాగా వేడిగా కనిపిస్తే అక్కడ స్క్రూ లూజై ఉండొచ్చు. చెయ్యి పెట్టకుండానే తెలిసిపోతుంది.

ఒక మెలిక ఉంది. మెరిసే రాగి, అల్యూమినియం ఎంత వేడెక్కినా స్క్రీన్ మీద చల్లగానే కనిపిస్తాయి. అందుకే లోహం మీద కాకుండా, దాన్ని ఆనుకుని ఉన్న వైరు తొడుగు మీద మూడింటినీ పోల్చాలి. బిగించేది మాత్రం కరెంటు తీసేశాకే.

మోటారు కాలాక రివైండింగ్‌కి పరిగెత్తడం కంటే ముందే ఒక స్క్రూ బిగించుకోవడం మేలు కదా!