వాక్యం ఇద్దరికీ, ఆపరేషన్ ఒక్కరికేనా?

ఇద్దరు పిల్లలు దాటితే స్థానిక సంస్థల ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాసుకున్న రాష్ట్రం మనది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. అంతకు కొద్ది వారాల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పిల్లల్ని ఎక్కువమందిని కనమని బహిరంగంగా పిలుపునిచ్చారు. నిన్నటిదాకా 'చాలు' అన్న సర్కారు నేడు 'కనండి' అంటోంది. రెండు మాటలూ చివరికి చేరేది ఆడవాళ్ల ఒంటిమీదికే. ఇలాంటి సమయంలో దాంపత్యం గురించి ప్రతి పెళ్లిలోనూ బోధించే క్రైస్తవ సంఘాలు ఏమంటున్నాయో చూడాలి. గర్భనిరోధం మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా వాదించుకున్నది వారే కాబట్టి.

అప్పనపల్లి పేరు చెబితే బాల బాలాజీ గుడి, వైనతేయ ఒడ్డు గుర్తొస్తాయి. అదే కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పేటల్లోకి వెళ్తే ఆదివారం పొద్దున్నే మైకులో వాక్యం వినిపిస్తుంది. లూథరన్, బ్రదరన్, పెంతెకోస్తు, కథోలిక సంఘాలున్నాయి, ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర మందిరాలూ ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. కానీ మతం మారితే ఎస్సీ హోదా పోతుందన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా మందిరానికి వెళ్లేవారందరూ ఆ లెక్కలోకి రారని ఇక్కడ అందరికీ తెలుసు. సంఖ్య ఎంతైనా, ఆ ఇళ్లలో భార్యాభర్తల బతుకు మీద పాస్టరు గారి మాటకు బరువుంది.

ఓనాను కథ నుంచి హుమానే వీటే దాకా

తగవు ఆదికాండం 38వ అధ్యాయంలో మొదలవుతుంది. చనిపోయిన అన్న భార్య తామారుకు సంతానం కలిగించాల్సిన ఓనాను, ఆ పిల్లలు తనవారు కారని తెలిసి వీర్యాన్ని నేలపాలు చేస్తాడు, దేవుని ఆగ్రహానికి గురై చనిపోతాడు. అతను చేసిన తప్పేమిటి? గర్భం రాకుండా చేయడమేనని కథోలిక సంప్రదాయం చెప్పింది. లూథర్, కాల్విన్ కూడా అంతే తీవ్రంగా ఖండించారు. నేటి ప్రొటెస్టెంటు వ్యాఖ్యాతల్లో చాలామంది మాత్రం అతని తప్పు వేరంటారు. తామారుతో కలిసే సుఖం కావాలనుకున్నాడు, ఆమెకు న్యాయంగా దక్కాల్సిన బిడ్డను మాత్రం ఎగ్గొట్టాడు. కథలో నష్టపోయింది ఒక స్త్రీ అన్న ఈ చూపు ఆలస్యంగా వచ్చినా, నాకు ఇదే మూలానికి దగ్గరగా కనిపిస్తుంది.

1930 దాకా దాదాపు అన్ని సంఘాలదీ ఒకే మాట. ఆ ఏడాది ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ, తగిన నైతిక కారణం ఉంటే దంపతులు గర్భనిరోధక సాధనాలు వాడవచ్చని పరిమితంగా ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరు 31న పోపు పదకొండవ పయస్ 'కాస్తీ కొనూబీ' విశ్వలేఖతో దాన్ని తోసిపుచ్చారు. 1951లో పన్నెండవ పయస్, తగిన కారణాలుంటే గర్భం రాని రోజుల్ని చూసుకుని కలవడం తప్పు కాదన్నారు. 1960లలో మాత్రలు వచ్చాక రోమ్ ఒక కమిషన్ వేసింది. అందులో ఎక్కువమంది నియమం సడలించమన్నారు. పోపు ఆరవ పౌలు ఆ సలహా తీసుకోలేదు. 1968 జులై 25 తేదీతో వెలువడిన 'హుమానే వీటే' విశ్వలేఖ ప్రతి కలయికా సంతానానికి తెరిచే ఉండాలని తేల్చింది. సహజ పద్ధతికి అనుమతి, సాధనాలకు నిషేధం అన్న గీత అప్పటినుంచి స్థిరపడింది.

ఆ గీతకు ఒక చిత్రమైన వెనుకటి చరిత్ర ఉంది. నాలుగో శతాబ్దం చివర్లో క్రైస్తవ వేదాంతి అగస్టీను మానీ మతస్థులను తప్పుపట్టినప్పుడు, గర్భం నిలిచే రోజులు లెక్కగట్టి దూరంగా ఉండమని వారు చెబుతున్నారన్నది ఆయన ఆరోపణల్లో ఒకటి. సంతానమే చెడ్డదన్న వారి ఉద్దేశాన్నే ఆయన ఖండించాడని కథోలిక పండితులు వివరిస్తారు. ఆ వివరణ న్యాయమైనదే అనుకుందాం. అప్పుడు ముఖ్యమైంది ఉద్దేశమే అవుతుంది. మరి మంచి ఉద్దేశంతో మాత్ర వాడేవారి మాటేమిటని ప్రొటెస్టెంటు అడుగుతాడు. ఉద్దేశం ఒక్కటే చాలదు, చేసే పని స్వభావమూ చూడాలని కథోలికుడు జవాబిస్తాడు. ఇద్దరూ తర్కంలో నిలబడగలరు. అందుకే ఈ వాదం ఇంకా తెగలేదు.

పూసల దండ నేర్పిన పాఠం

సహజ పద్ధతిని మన దేశంలో మొదట ప్రచారం చేసింది చర్చి అనుకుంటారు చాలామంది. నిజానికి అది సర్కారే. కుటుంబ నియంత్రణను 1952లో జాతీయ కార్యక్రమంగా చేపట్టిన తొలి దేశం భారత్. అప్పటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గాంధీ శిష్యురాలైన మనిషి. కృత్రిమ సాధనాల పట్ల ఆమెకు అయిష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపిన డాక్టర్ ఏబ్రహాం స్టోన్ సాయంతో ఢిల్లీ లోడీ కాలనీలో, మైసూరు రాష్ట్రం రామనగరంలో రోజుల లెక్క పద్ధతిని ప్రయోగించారు. చదువురాని స్త్రీలకు రంగు పూసల దండలిచ్చి, ఏ రంగు రోజున కలవచ్చో, ఏ రంగు రోజున దూరంగా ఉండాలో చెప్పారు. ఆ ప్రయోగం నిలదొక్కుకోలేదు. దండ ఆమె చేతిలో ఉంది గానీ రాత్రి ఆమె చేతిలో లేదు.

తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన బిల్లింగ్స్ దంపతులు మరింత శాస్త్రీయమైన పద్ధతి తెచ్చారు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావాన్ని స్త్రీ రోజూ గమనించుకుని, అండం విడుదలయ్యే రోజులను గుర్తిస్తుంది. మదర్ థెరిసా 1979లో నోబెల్ ప్రసంగంలో కలకత్తా పేదలకు తమ సిస్టర్లు సహజ పద్ధతి నేర్పుతున్న సంగతి గర్వంగా చెప్పుకున్నారు. బెంగళూరుతో సహా ఐదు దేశాల్లోని కేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బిల్లింగ్స్ పద్ధతిని పరీక్షించి 1981లో ఫలితాలు ప్రకటించింది. మొదటి నెలలోనే 93 శాతం స్త్రీలు తమ శరీరం ఇచ్చే సంకేతాన్ని గుర్తించగలిగారు. చదువుకూ దీనికీ సంబంధం లేదని తేలింది. అయినా ఏడాది తిరిగేసరికి నూటికి ఇరవై మందికి పైగా గర్భం దాల్చారు. చాలామంది విషయంలో కారణం తెలియకపోవడం కాదు. కలిస్తే గర్భం వచ్చే రోజని తెలిసే కలిశారు.

ఈ ఫలితాన్ని సహజ పద్ధతి వ్యతిరేకులు వెక్కిరింపుగా, సమర్థకులు సర్దుబాటుగా వాడుకున్నారు. నాకు అందులో వేరే సంగతి కనబడుతోంది. స్త్రీ తన పని సరిగ్గా చేసింది. లోపం వచ్చింది ఇద్దరూ కలిసి పాటించాల్సిన దగ్గర. తాగి ఇంటికొచ్చిన భర్తకు 'ఈ పది రోజులు వద్దు' అని చెప్పగల భార్యలు మన పల్లెల్లో ఎందరున్నారు? ఇది అడగకుండా సహజ పద్ధతి గొప్పదనం చెప్పే బోధ సగం బోధే.

ఆంధ్ర ఎంచుకున్న దారి

ఇక మన లెక్క చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మగవారి ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు. కండోం, మాత్రలు, కాపర్-టి అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు. సహజ పద్ధతుల వాటా లెక్కకు రానంత తక్కువ. రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు 1.7.

అంటే కథోలిక నియమం, ప్రొటెస్టెంటు స్వేచ్ఛ రెండూ ఇక్కడ కాగితం మీదే ఉన్నాయి. పెళ్లి తొందరగా, కాన్పులు తొందరగా, ఇరవైల మధ్యలోనే ఆపరేషన్. ఇదే తెలుగు పల్లె పాటించిన అసలు నియమం. దాన్ని రాసింది రోమూ కాదు, లాంబెతూ కాదు. రాసింది సర్కారు లక్ష్యాలు, క్యాంపులు, పీహెచ్‌సీ. అలాంటి క్యాంపుల్లో ప్రాణాలు పోయాయి కూడా. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో పదమూడు మంది స్త్రీలు చనిపోయారు. క్యాంపులు మానేయమని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఆ తర్వాత కూడా, 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు మరణించారు.

అయినా ఆడవాళ్లు ఆపరేషన్‌నే ఎందుకు కోరుకుంటున్నారు? ఒకసారి చేయించుకుంటే ఆ తర్వాత భర్త ఇష్టాయిష్టాలతో పనిలేదు. రోజూ అడగక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. మొగుడి సహకారం లేకుండా పనిచేసే పద్ధతి అదని వారికి అనుభవం మీద తెలుసు. కృత్రిమమా సహజమా అన్న తూకం వారు వేసుకోలేదు. భర్తను ఎంతవరకు నమ్మవచ్చన్నదే చూసుకున్నారు.

మన సంఘాలు దీన్ని ఎలా చూశాయి? గోదావరి డెల్టాలో సువార్త పని 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లతో నరసాపురం కేంద్రంగా మొదలైంది. ఆ బ్రదరన్ సంప్రదాయంలో పోపు లేడు, బిషప్పు లేడు, ప్రతి సహవాసం దేనికది స్వతంత్రం. అందుచేత గర్భనిరోధం మీద వారికి ఒక నిర్ణయమంటూ లేదు. పెద్దలంతా మగవారే కనుక ఆ చర్చకు చోటూ దొరకలేదు. కథోలికులకు స్పష్టమైన నియమం ఉంది. గుంటూరులో ఆసుపత్రి కట్టిన ఆస్ట్రేలియా డాక్టరు సిస్టర్ మేరీ గ్లౌరీ 1943లో స్థాపించిన కథోలిక ఆసుపత్రుల సంఘం నేడు దేశమంతా విస్తరించింది. ఆ సంప్రదాయపు ఆసుపత్రుల్లో ట్యూబెక్టమీ చేయకూడదన్నది నియమం. పక్కనున్న సర్కారు దవాఖానాలో చేయించుకునే వీలుండగా ఆ నియమం ఎవరినీ ఆపలేదు. ఒకచోట నియమం ఉండి లాభం లేకపోయింది, మరోచోట నియమమే లేదు. రెండు చోట్లా బల్లమీద పడుకున్నది భార్యే.

గల్ఫ్ గురించి ఎవరు మాట్లాడతారు?

కోనసీమ విషయంలో మరో ముడి ఉంది. రాజోలు, మామిడికుదురు, అమలాపురం ప్రాంతాల నుంచి ఇంటిపనికి కువైట్, మస్కట్ వెళ్లే ఆడవాళ్లు, కూలిపనికి వెళ్లే మగవాళ్లు తక్కువేమీ కాదు. రెండేళ్ల కాంట్రాక్టు, మళ్లీ రెండేళ్లు. పెళ్లయిన కొత్తలోనే విడిపోయి, సెలవుల్లో మాత్రమే కలిసే జంటలెన్నో.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో దంపతుల గురించి చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. భార్య శరీరం మీద భర్తకు ఎంత అధికారమో, భర్త శరీరం మీద భార్యకూ అంతే అధికారమని, దూరంగా ఉండాలంటే ఇద్దరి సమ్మతితో, కొంతకాలమే, ప్రార్థన కోసమేనని దాని సారం. మొదటి శతాబ్దంలో భార్యకూ అంతే అధికారమని చెప్పడం సామాన్యం కాదు. నెలకు పది రోజుల దూరం ధర్మమా కాదా అని గ్రంథాలు రాసుకున్న మతం, అప్పు తీర్చడానికి ఏళ్ల తరబడి విడిగా బతికే జంట మీద ఏమీ మాట్లాడకపోతే ఎలా? అనుమానాలు, ఆరోపణలు, తిరిగొచ్చాక దగ్గరవ్వడానికి పడే ఇబ్బంది, సెలవుల్లో వచ్చిన గర్భం గురించి గుసగుసలు... సంఘ పెద్దల ముందుకు పంచాయితీలుగా వచ్చేవి ఇవే.

'ప్రభుత్వమే పిల్లల్ని కనమంటోంది, బైబిలూ అదే అంటోంది, ఇక చర్చ ఎందుకు?' అనేవారు రేపు బయల్దేరతారు. 127వ కీర్తన ఆధారంగా గర్భనిరోధమే అవిశ్వాసమనే ఉద్యమం అమెరికా ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లలో 1980ల నుంచి ఉంది. కేరళలో పాలా కథోలిక పీఠం 2021లో ఐదుగురు, అంతకు మించి పిల్లలున్న కుటుంబాలకు నెలకు 1500 రూపాయల సాయం ప్రకటించింది. పిల్లలు వరమన్న మాటలో తప్పు లేదు. ఆ వరం మోసే ఒంటి అనుమతి అడగకుండా సంఖ్య చెప్పడమే తప్పు. ఒకప్పుడు ఆపరేషన్‌కు తోసిన చెయ్యి, ఇప్పుడు కాన్పుకు తోస్తే అది మేలు ఎలా అవుతుంది?

సంఘాలు చేయగలిగింది చాలా ఉంది, ఏ సిద్ధాంతమూ వదులుకోకుండానే. కథోలికులు హుమానే వీటేను పూర్తిగా బోధించాలి. జీవిత భాగస్వామి పరిస్థితిని, సహేతుకమైన కోరికను పట్టించుకోకుండా రుద్దే కలయిక ప్రేమ కాదని అదే లేఖ 13వ పేరాలో ఆరవ పౌలు చెప్పారు. నిషేధం గుర్తున్నవారికి ఈ మాటా గుర్తుండాలి. సహజ పద్ధతి తరగతికి భర్త రాకపోతే ఆ తరగతి జరపకూడదు. ప్రొటెస్టెంట్లకు అడ్డంకే లేదు. కత్తిగాటు లేకుండా నిమిషాల్లో అయిపోయి, అదే రోజు ఇంటికి వెళ్లగలిగే వేసెక్టమీ గురించి మందిరంలోని మగవారికి ఎవరో ఒకరు చెప్పాలి. పెద్దల్లో ఒకరిద్దరు ముందుగా చేయించుకుని చెబితే ఆ మాటకు విలువ. అన్ని సంఘాలూ పెళ్లికి ముందు జంటను కూర్చోబెట్టి ఎందరు, ఎప్పుడు, ఏ పద్ధతి, ఆ బాధ్యత ఎవరిది అన్నవి మాట్లాడించాలి. గల్ఫ్‌కు పంపేముందు ప్రార్థన చేయడంతో సరిపెట్టకుండా, ఈ దూరానికి భార్యాభర్తలిద్దరూ నిజంగా ఒప్పుకున్నారా అని విడివిడిగా అడగాలి.

సాధనమా, సహజమా అన్న తగవు మరో నూరేళ్లయినా సాగుతుంది, సాగనివ్వండి. ఇద్దరి సమ్మతి, ఇద్దరి బాధ్యత అన్న దగ్గర మాత్రం పోపుకూ పాస్టరుకూ భేదం లేదు. కాబట్టి వచ్చే ఆదివారం ఈ విషయం మీద వాక్యం చెప్పాలనుకునే దైవజనులకు ఒక్క మనవి. ఆడవాళ్లకు ఇప్పటికే చాలా చెప్పారు, ఈసారి మగవారికి చెప్పండి.