పంటికి స్కానింగు: ఎప్పుడు కావాలి? ఎప్పుడు అక్కరలేదు?

కిందటి నెలలో ఒకనాడు ఓ.పి. ముగిసే వేళకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయనకు నలభై దాటి ఉంటాయి. సుల్తాన్‌పూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆమె చేతిసంచిలో నుంచి నిగనిగలాడే కవరొకటి తీసి నా బల్ల మీద పెట్టింది. అందులో దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపించే బొమ్మలు, ఒక సి.డి., ఒక బిల్లు ఉన్నాయి.

"సార్, మిషన్ తల చుట్టూ తిరిగింది. ఎముక మంచిగనే ఉంది, పండ్లు మంచిగనే ఉన్నయని రాసిన్రు. మరి మంట ఎందుకు తగ్గుతలేదు?" అని ఆయన అడిగాడు.

నోరు తెరవమన్నాను. టార్చి వేసి, బుగ్గను పక్కకు లాగి చూశాను. ఎడమ బుగ్గ లోపల, కింది దంతాలకు ఎదురుగా, చిక్కుడు గింజంత పుండు ఉంది. వేలితో తడిమితే దాని అంచు గట్టిగా తగిలింది. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి ఖైనీ ఆ బుగ్గలోనే పెట్టుకుంటాడట. పుండు పడి రెండు నెలలు దాటింది. "ముందు ఏ డాక్టరుకు చూపించారు?" అని అడిగాను. ఎవరికీ చూపించలేదు. పంటి నొప్పే అనుకుని, తెలిసినవాళ్ళు చెప్పగా నేరుగా స్కానింగుకే వెళ్ళారట.

ఆ స్కానింగులో తప్పేమీ లేదు. అది చూడగలిగింది చూసింది. కాని జబ్బు ఎముకలో లేదు, బుగ్గలో ఉంది. ఆ కుటుంబం సంగతి చివర చెబుతాను. ఈ లోపల, పంటి వైద్యంలో కొత్తగా వచ్చిన స్కానింగుల గురించి మీరు తెలుసుకోవలసిన నాలుగు మాటలు చెప్పనివ్వండి.

సుల్తాన్‌పూర్‌లో సుమారు 250 ఎకరాల్లో వైద్య పరికరాల పార్కు ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. దానికి 2017లో శంకుస్థాపన జరిగింది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా అక్కడ ఉంది. మన ఊళ్ళోనే ఇంత పని జరుగుతుంటే యంత్రం మీద నమ్మకం కలగడం సహజమే. నమ్మండి, వద్దనను. అయితే ఏ యంత్రం ఏం చూస్తుందో, ఏం చూడలేదో తెలుసుకుని నమ్మండి.

రెండు వేర్వేరు యంత్రాలు

"పళ్ళ స్కానింగు" అనే ఒకే పేరుతో జనం రెండు వేర్వేరు పరీక్షలను పిలుస్తున్నారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది నోట్లో పెట్టి తిప్పే స్కానరు. టూత్‌బ్రష్ కన్నా కాస్త లావుగా ఉంటుంది. దీనిలో ఎక్స్‌రే కిరణాలు లేవు. ఉన్నది వెలుతురూ, కెమెరా మాత్రమే. పళ్ళ మీదుగా నడిపిస్తుంటే అది వరసగా బొమ్మలు తీస్తుంది, కంప్యూటరు వాటిని ఒకదానికొకటి అతికించి మీ పళ్ళ వరుసను తెర మీద నిలబెడుతుంది. వెనకటి రోజుల్లో పంటికి తొడుగు వేయాలంటే మెత్తటి ముద్దను పళ్ళెంలో పెట్టి నోట్లో కుక్కి అచ్చు తీసేవారు. కొందరికి దానితో డోకు వచ్చేది. ఇప్పటికీ చాలాచోట్ల ఆ పద్ధతి ఉంది, అదీ మంచి పద్ధతే. స్కానరుతో ఆ ముద్ద బాధ తప్పుతుంది. ఇలా నోట్లో కెమెరాతో కొలత తీసుకుని, యంత్రంతో పంటి పూరకాన్ని చెక్కి, అదే రోజు అమర్చే పనిని స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో మోర్మాన్ అనే దంతవైద్యుడు, బ్రాండెస్టీని అనే ఇంజనీరు కలిసి 1985లో మొదలుపెట్టారు.

ఈ స్కానరు చూసేది పైపై రూపాన్నే. చిగురు కింద ఏముందో, వేరు చివర చీము పట్టిందో లేదో దానికి తెలియదు.

రెండవది తల చుట్టూ తిరిగే యంత్రం. దీన్ని కోన్ బీమ్ సి.టి. అంటారు. ఇది ఎక్స్‌రేతోనే పనిచేస్తుంది. కిరణాలు శంఖువు ఆకారంలో విప్పారి వస్తాయి కనుక ఆ పేరు. మీరు కదలకుండా కూర్చుంటే లేదా నిలబడితే అర నిమిషం అటూ ఇటూగా పని అయిపోతుంది. మన శరీరాన్ని పొరలు పొరలుగా చూపే సి.టి. స్కానింగును ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించాడు. 1971లో మొదటి రోగికి తీశారు. 1979లో ఆయనకు, కార్మాక్ అనే శాస్త్రవేత్తకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. దంతాలకూ దవడలకూ సరిపడే చిన్న యంత్రాలు 1990ల చివర ఇటలీలో, జపానులో వచ్చాయి.

నీడకూ రూపానికీ తేడా

మామూలు ఎక్స్‌రే అంటే నీడ. దీపం ముందు రెండు చేతులు ఒకదాని వెనక ఒకటి పెట్టి గోడ మీద చూడండి. రెండు నీడలూ కలిసిపోతాయి. ఏ చెయ్యి ముందుందో, రెంటి మధ్య జానెడు దూరముందో, బెత్తెడు ఉందో గోడను చూసి చెప్పలేరు.

కోన్ బీమ్‌లో ఆ ఇబ్బంది లేదు. ముల్లంగిని చక్రాలుగా తరిగి ఒక్కొక్క ముక్కనూ చూసినట్టు, దవడను ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి పొరలుగా తెర మీద చూడవచ్చు. కోత కోయకుండానే లోపలి సంగతి తెలుస్తుంది.

ఎవరికి అవసరం?

పటాన్‌చెరులో పాఠాలు చెప్పుకునే ఒక అమ్మాయికి కింది జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా పడుకుని, తరచు వాచి నోరు తెరవనిచ్చేది కాదు. పీకేయాల్సిందే. మామూలు ఎక్స్‌రేలో పంటి వేరూ, కింది దవడలో నరం నడిచే గొట్టమూ ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు కనిపించాయి. ఆ నరం దెబ్బతింటే కింది పెదవీ గడ్డమూ మొద్దుబారిపోతాయి. ఒక్కొక్కరికి అది కొన్ని నెలలకు తగ్గుతుంది, కొందరికి తగ్గదు. పాఠం చెప్పే మనిషికి పెదవి స్పర్శ పోతే ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

దంతవైద్యుడు కోన్ బీమ్ తీయించాడు. నరం రెండు వేళ్ళ మధ్య ఇరికినట్టు, సరిగ్గా రెండు వేర్ల నడుమ నుంచి పోతున్నదని తేలింది. దానితో ఆయన పన్నంతా పీకే ప్రయత్నం మానుకుని, పై భాగం మాత్రం కోసి తీసి వేర్లను అలాగే వదిలేశాడు. ఆ అమ్మాయి పెదవి భద్రంగా ఉంది. ఇక్కడ స్కానింగు ఖర్చుకు పూర్తి ఫలితం దక్కింది. ఎందుకంటే దానివల్ల చేయవలసిన వైద్యమే మారింది.

ఇలాంటి అవసరాలు మరికొన్ని ఉన్నాయి. పోయిన పన్ను చోట ఎముకలో ఇంప్లాంటు బిగించేముందు ఎముక ఎత్తు, మందం కొలవడానికి. దవడలో తిత్తి, గడ్డ పెరిగినప్పుడు దాని హద్దులు చూడడానికి. రాకుండా ఎముకలోనే ఉండిపోయిన కోరపన్ను ఎటు తిరిగి ఉందో తెలుసుకోవడానికి. దెబ్బ తగిలి దవడ విరిగినప్పుడు. రూట్ కెనాల్ చేసినా నొప్పి పోక, మామూలు ఎక్స్‌రేతో కారణం తెలియనప్పుడు.

ఎవరికి అక్కరలేదు?

మామూలు పిప్పిపన్నుకు అక్కరలేదు. రెండు పళ్ళ మధ్య మొదలయ్యే చిన్న పుచ్చుకు చిన్న పంటి ఎక్స్‌రేయే నమ్మకమైనది. చిగుళ్ళ నుంచి రక్తం కారడానికి, గార తీయించడానికి, ఫ్లోరైడు నీళ్ళవల్ల వచ్చిన గోధుమరంగు మరకలకు స్కానింగు పనిలేదు. యాసిడ్ ఆవిరుల మధ్య పనిచేసేవారికి ముందుపళ్ళు అరిగి, చల్లనీళ్ళకు జివ్వుమంటాయి. ఆ అరుగుదల కంటికే కనిపిస్తుంది. అలాంటివారు డాక్టరుకు తాము చేసే పని ఏమిటో తప్పక చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం: బుగ్గ, నాలుక, పెదవి వంటి మెత్తటి భాగాల జబ్బును ఈ యంత్రం సరిగా చూపించలేదు. నోట్లో లోహపు తొడుగులు ఎక్కువగా ఉన్నా, తీసేటప్పుడు తల కదిలినా బొమ్మ చెడిపోతుంది.

కిరణాల భయం ఎంతవరకు?

రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేను కనిపెట్టిన కొద్ది వారాలకే, 1896 జనవరిలో, జర్మనీలో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్ళకే ఎక్స్‌రే తీయించుకున్నాడు. 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. అమెరికాలో కెల్స్ అనే దంతవైద్యుడు ఏళ్ళ తరబడి ఆ కిరణాల్లో చెయ్యి పెట్టి పనిచేసి, కాన్సరు పట్టి, ముందు వేళ్ళు, తరువాత చెయ్యి పోగొట్టుకుని 1928లో మరణించాడు.

ఇప్పుడు రోజులు అవి కావు. మనకు నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి, తిండి నుంచి రోజూ కొన్ని కిరణాలు సోకుతూనే ఉంటాయి. ఒక చిన్న పంటి ఎక్స్‌రేతో సోకేది దాదాపు ఒక రోజు వాటా. దవడలు మొత్తం కనిపించే ఓ.పి.జి. అనే పొడుగు ఎక్స్‌రేకు కొద్ది రోజుల వాటా. కోన్ బీమ్‌కు యంత్రాన్ని బట్టి, తీసే భాగాన్ని బట్టి కొద్ది రోజుల నుంచి కొన్ని నెలల వాటా దాకా ఉంటుంది. అవసరమున్నప్పుడు భయపడవలసినంత కాదు. ఊరికే తీయించుకోదగినంత తేలికా కాదు. పిల్లల శరీరం కిరణాలకు ఎక్కువ లొంగుతుంది కనుక వారి విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి.

గర్భిణీలు ఆ సంగతి ముందే చెప్పాలి. ఆగగలిగిన ఎక్స్‌రేలు కాన్పు తరువాత తీయించుకోవచ్చు. అలాగని చీము పట్టిన పన్నుతో నెలల తరబడి బాధపడనక్కరలేదు. అవసరమైతే ఒక చిన్న ఎక్స్‌రే తీసి వైద్యం చేయవచ్చు.

డబ్బు కట్టేముందు అడగండి

డాక్టరును ప్రశ్న అడగడం అమర్యాద కాదు. నన్నడిగితే నేను సంతోషిస్తాను. ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

1. "ఈ స్కానింగువల్ల ఏ సంగతి తేలాలి? అది తేలితే నాకు చేసే వైద్యం మారుతుందా?" మారదంటే స్కానింగు అక్కరలేదు.

2. "చిన్న ఎక్స్‌రేతో సరిపోదా? స్కానింగే కావాలంటే జబ్బున్న చోటు వరకే తీయవచ్చా?" ఒక్క పన్ను కోసం తలంతా తీయించనక్కరలేదు.

3. "మీ యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉందా?" 1983లో ఏర్పడిన ఆ మండలి అనుమతి లేకుండా మన దేశంలో ఎక్స్‌రే యంత్రం నడపకూడదు.

4. "బొమ్మల పూర్తి ఫైలు నాకు ఇస్తారా?" కాగితం మీద అచ్చువేసినవి చాలవు. సి.డి. లోనో పెన్‌డ్రైవులోనో అసలు ఫైలు తీసుకుని దాచుకోండి. రెండో డాక్టరు దగ్గరకు వెళితే మళ్ళీ డబ్బూ, మళ్ళీ కిరణాలూ తప్పుతాయి.

ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్న కార్మికులు ముందు తమ డిస్పెన్సరీలో చూపించుకుని, అక్కడినుంచి పై ఆసుపత్రికి చీటీ రాయించుకోవాలి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బయట అప్పుచేసే ముందు అక్కడ ఒకసారి చూపించుకోండి.

స్కానింగు కోసం ఆగకూడని వేళలు

పంటి నొప్పితోపాటు దవడ కింద, మెడ మీద వాపు పాకుతున్నా, జ్వరం వచ్చి నోరు తెరవలేకపోతున్నా, మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా అది ప్రాణాపాయం. రేపటిదాకా చూద్దామనుకోకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

రెండు వారాలకూ మానని పుండు, నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు రోజురోజుకూ తక్కువగా తెరుచుకోవడం, కారణం లేకుండా కదిలే పన్ను — ఇవి కనిపిస్తే, ముఖ్యంగా ఖైనీ, గుట్కా, జర్దా, చుట్ట, బీడీ అలవాటున్నవారు, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే అసలు సంగతి తేలుతుంది. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది ఒట్టి అపోహ. నెలకొకసారి అద్దం ముందు నిలబడి, బుగ్గలు లాగి, నాలుక ఎత్తి చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మొదట చెప్పిన దంపతుల సంగతి. ముక్క పరీక్షలో నేను భయపడినదే తేలింది. కాన్సరే. కాని మెడ గ్రంథులకు ఇంకా పాకలేదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికి చీటీ రాసి పంపాను. అక్కడ ఆపరేషను జరిగింది. మొన్న ఆమె ఒక్కతే వచ్చి, ఆయన మెత్తటి అన్నం తింటున్నాడని చెప్పింది. వెళుతూ వెళుతూ, "అందరికన్నా ముందు మీకు చూపించి ఉంటే రెండు నెలలు కలిసొచ్చేవి కదా సార్?" అంది. కలిసొచ్చేవే. ఆ మాట ఆమెతో అనలేక తల ఊపి ఊరుకున్నాను.

మీతో మాత్రం అంటున్నాను. నోట్లో ఏ బాధ కలిగినా ముందు ఒక డాక్టరు ముందు నోరు తెరవండి. యంత్రం దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలో ఆయనే చెబుతాడు.